మా రోజుల్లో పురుగుకో పేరుండేది

కిందటి శ్రావణంలో మా అపార్టుమెంటు సెల్లారులో జరిగిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని అక్కడ నాలుగు నీలం డ్రమ్ములు పెట్టించాం. పొద్దున్నే కాఫీ తాగి కిందికి దిగి, రాత్రి పడ్డ తొక్కల మీద రెండు దోసిళ్ల ఎండుటాకులు చల్లి, కర్రతో ఒకసారి కలియబెట్టి రావడం నా వంతు. ఏడు నెలలు ఎవరి నోటా చిన్న మాట రాకుండా సాగింది. ముసురు పట్టిన వారంలో డ్రమ్ముల్లోంచి పురుగులు బయటికి పాకడం మొదలెట్టాయి. గోరుకు రెండింతల పొడవు, బల్లపరుపు ఒళ్లు, మట్టి రంగు, ఒంటి నిండా కణుపులు. కార్ల కిందా లిఫ్టు గుమ్మం దగ్గరా కనిపించాయి. ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. "ఛీ, పురుగులు" అన్న మాట నలభై ఫ్లాట్లూ చుట్టి వచ్చింది. మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి, పంపు వీపున తగిలించుకున్న కుర్రాడొకడు వచ్చి, నాలుగు డ్రమ్ముల్లోనూ మందు కొట్టి వెళ్లిపోయాడు.

మూడో రోజుకు డ్రమ్ములు కుళ్లు కంపు కొట్టాయి. ఐదో రోజుకు ఇళ్లల్లో వాలే మామూలు ఈగలు జుమ్మని ముసిరాయి. వారం తిరిగేసరికి "ఈ దరిద్రం మనకెందుకు" అని డ్రమ్ముల్ని బయటికి తోసేశారు. ఆ చచ్చినవేమిటో నలభై ఇళ్లల్లో ఒక్కరూ అడగలేదు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన జాతి, ఇప్పుడు మన దగ్గరా అంతటా ఉంది. పెద్దయ్యాక నల్లగా, సన్నగా కందిరీగలా ఉంటుంది. కుట్టదు, అన్నం మీద వాలదు, గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో రాలిపోతుంది. తినేదంతా పిల్లగా ఉన్నప్పుడే తింటుంది. కుళ్లిన కూర, మిగిలిన అన్నం, మామిడి టెంక మీది పీచు, ఏదిచ్చినా రోజుల్లో పిండి చేసేస్తుంది. ఇది మసిలే చోట ఇంటి ఈగ గుడ్లు పెట్టడానికి జంకుతుంది. ఆ రోజు డ్రమ్ము దాటి బయటికి పాకినవి తిండి చాలించి, రెక్కలు తెచ్చుకోవడానికి పొడి చోటు వెతుక్కుంటూ వెళ్తున్నవి. పని ముగించుకుని సెలవు తీసుకుంటున్న వాటిని చంపేశారు. లోపల పనిలో ఉన్నవాటినీ చంపేశారు. ఇక కుళ్లక ఏం చేస్తుంది?

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. మా రోజుల్లో పురుగుకో పేరుండేది.

మాది కోనసీమ, అంబాజీపేటకు దగ్గర్లో ఒక ఊరు. ఇంటి వెనక పదహారు కొబ్బరి చెట్లు, ఒక మునగ, రెండు అరటి పిలకల గుంపులు, చిక్కుడు పందిరి, బీర పాదు, మూల మీద పెంటకుప్ప. ఐదారేళ్ల వయసుకే ఆ పెరట్లో తిరిగే ప్రతి ప్రాణికీ పేరు నాకు తెలుసు. అక్షింతల పురుగు, గొల్లభామ, తూనీగ, కందిరీగ, పేడపురుగు, జెర్రి, రోకలిబండ, ఎర్ర, మిణుగురు, కీచురాయి, ఆకుతేలు, కొమ్ముపురుగు, కంబళిపురుగు, పేనుబంక, పిండినల్లి, చెద. ఏది కుడుతుంది, ఏది కుట్టదు, ఏది చెట్టుకు చేటు, ఏది ఉంటే మంచిది అన్నది ఆ పేరుతో పాటే నోటికొచ్చేది. ఎవరూ పాఠం చెప్పలేదు. మామ్మ వెనకే నీళ్ల చెంబు పట్టుకుని తిరగడమే చదువు.

ఇవాళ పిల్లల సంగతి వదిలేయండి, వాళ్ల అమ్మానాన్నలకే రెండు పేర్లు తెలుసు. సీతాకోకచిలుక ఒకటి, పురుగు ఒకటి. రంగులుంటే ఫొటో, లేకపోతే మందు.

పెంటకుప్ప గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే మంచీ చెడూ రెండూ అందులోనే పుట్టేవి. పశువుల పేడ, కసువు, పొయ్యిలో బూడిద, అరటి డొప్పలు, కొబ్బరి పొట్టు ఏడాది పొడుగునా దాని మీదే పడేవి. దాన్ని తవ్వితే పైన పేడపురుగులు, కాస్త కింద రోకలిబండలు చుట్టలు చుట్టుకుని, ఇంకా కింద తడి ఉన్నచోట ఎర్రలు. అన్నిటికీ అడుగున, వేలెడు లావున, తెల్లగా, కొడవలిలా వంగిన పురుగులు. వాటిలోనే తిరకాసు. కొన్ని కొమ్ముపురుగు పిల్లలు. అవి నాలుగు నెలల పైన ఆ పెంటలోనే తిని, బలిసి, నల్లగా కొమ్మున్న పెంకుపురుగులై రాత్రిపూట ఎగిరి కొబ్బరి చెట్టు మొవ్వులో దూరతాయి. లేత ఆకు ముడుచుకుని ఉండగానే కొరికేస్తాయి. ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో కోసినట్టు, విసనకర్రలా కనిపిస్తుంది. లేత మొక్కైతే మొవ్వే పోతుంది, చెట్టే పోతుంది.

కొన్ని మాత్రం వాటికి అన్నదమ్ముల్లా కనిపించే వేరే పురుగులు. పెద్దయ్యాక పూల మీద వాలతాయి, మరీ మగ్గిన పండుంటే గీకుతాయి. పిల్లలుగా ఉన్నన్నాళ్లూ కుళ్లిన ఆకునీ డొప్పనీ తిని చక్కటి ఎరువు వేస్తాయి. రెండూ తెల్లనివే, రెండూ వంపు తిరిగినవే. తేడా కనిపెట్టడం నాన్నగారు నేర్పారు. రెండు పురుగుల్ని తీసి గడపలో చదునైన రాతి మీద పెట్టారు. ఒకటి బరువుగా పక్కకు ఒరిగి, అక్కడే మెలికలు తిరిగింది. తల పెద్దది, గోధుమ రంగు. రెండోది వెంటనే వెల్లకిలా తిరిగి, కాళ్లు ఆకాశంలో పెట్టుకుని, వీపు మీద గబగబా పాకుతూ రాతి అంచు దాకా పోయింది. తల చిన్నది, కాళ్లు పొట్టివి. "వెల్లకిలా పాకేది మనది. పక్కకు పొర్లేది కొబ్బరి చెట్టుకు యముడు" అన్నారు. పొర్లేదాన్ని కోళ్లకు వేశారు. పాకేదాన్ని మళ్లీ పెంటలో వేసి, పైన చారెడు కసువు కప్పారు. ఆ రాయి మీద ఆ రెండు పురుగులూ నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి.

ఎండాకాలంలో బళ్లు కట్టి పెంట చేలకు తోలేవారు. కుప్ప తిరగేస్తుంటే కాకులు, గోరింకలు, కొంగలు, పక్కింటి కోళ్లతో సహా వచ్చి వాలేవి. పలుగు పడిన చోటల్లా కొమ్ముపురుగు పిల్ల బయటపడటం, పడగానే ఏదో ఒక ముక్కు దాన్ని ఎత్తుకుపోవడం. ఏడాదికోసారి కుప్ప ఖాళీ అయితే ఆ పురుగు సంతానం సగానికి సగం అక్కడే తెగిపోయేది. మిగిలిన వాటి సంగతి దింపు తీసే పెద్దాయన చూసేవాడు. ఆయన మొలకు కత్తితో పాటు సన్నటి ఇనుప కొక్కెం వేలాడేది. చెట్టెక్కినప్పుడు మొవ్వు దగ్గర నమిలిన పీచు కనిపిస్తే, కొక్కెం లోపలికి పోనిచ్చి, పురుగును గుచ్చి లాగి కిందికి విసిరేవాడు. ఆ కన్నంలో ఇసుక పోసి దిగేవాడు. సీసా లేదు, పంపు లేదు, ముక్కుకు గుడ్డ కట్టుకునే పని లేదు.

ఇప్పుడు ఎడ్లు లేవు, బళ్లు లేవు. పెంట ఉన్నచోట రెండేళ్లు, మూడేళ్లు అలాగే పడి ఉంటుంది. పడిపోయిన కొబ్బరి మాను తోటలోనే కుళ్లుతుంది. దింపుకు మనిషి దొరకడమే గగనం, దొరికినా పది చెట్లకు పది నిమిషాలు. కొమ్ముపురుగు పెరిగిందని అందరూ గోల పెడతారు. దాని పురుటిల్లు మన గడపలోనే ఉందని చూసేవాడు లేడు.

చిక్కుడు పందిరి సంగతి చెప్తాను. సంక్రాంతి ముందు మంచు పడే రోజుల్లో చిక్కుడు చివుళ్లకూ పూత కాడలకూ నల్లగా పేనుబంక పట్టేది. మామ్మ తెల్లారకుండానే పొయ్యిలో బూడిద జల్లించి తెచ్చి, ఆకు మీద మంచు తడి ఆరకముందే చల్లేది. తడికి బూడిద అంటుకుని ఆ మెత్తటి ఒళ్లు ఎండిపోయేవి. అయితే పందిరంతా చల్లేది కాదు. ముందు ఒక్కొక్క కాడా తిప్పి చూసేది. ఎర్రటి ఒంటి మీద నల్ల చుక్కలతో, అక్షింతగింజంత పురుగు ఉన్న కాడను వదిలేసేది. పెళ్లిలో తల మీద వేసే అక్షింతల పేరు దానికి పెట్టినవాళ్లకు ఎంత మర్యాద తెలుసో ఆలోచించండి. ఆ పురుగు మందార మీద వాలినా, మనిషి భుజం మీద వాలినా శుభమే. దాని పిల్ల మాత్రం తల్లిలా ఉండదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా కాడ మీద పరిగెడుతుంది. ఎదిగేలోగా అది తినే పేలు వందల లెక్క. మా ఫ్లాట్ల మేడ మీద మొక్కలు పెంచే వాళ్లు తల్లిని ఫొటో తీసి, పిల్లను చెప్పుతో నలిపేస్తున్నారు. కన్నారా చూశాను.

చీమల సంగతీ మామ్మకు తెలుసు. పేనుబంక వెనకనుంచి కారే తియ్యటి బంక కోసం చీమలు దాన్ని ఆవుల్ని కాసినట్టు కాస్తాయి, అక్షింతల పురుగును దగ్గరికి రానివ్వవు. అందుకే పందిరి రాటలకు ఆముదంలో తడిపిన గుడ్డ చుట్టేది. చీమ ఎక్కలేకపోతే పేనుబంకకు కాపలా పోతుంది, మిగతా పని అక్షింతల పురుగు చేసుకుపోతుంది. చీమను చంపలేదు, పేనును వెంటాడలేదు, దారి మాత్రం మూసింది. ఇంత ఆలోచన ఆ గుడ్డ పేలికలో ఉంది.

వంగ మొక్కలకు పొద్దున్నే ఒక చుట్టు తిరగడం అమ్మ పని. చివుళ్లలో ఏదైనా వాడి తలవాలిస్తే దాన్ని రెండంగుళాలు కిందికి తుంచి చీల్చేది. లోపల గులాబి రంగు పురుగు. ఇవాళ చివుట్లో ఉన్నది రేపు కాయలోకి పోతుంది గనుక అక్కడే పట్టేయాలి. అయినా కొన్ని కాయలు పుచ్చేవి. పుచ్చిన మేర కోసి పారేసి, మిగిలింది కూర వండేది. ఇప్పుడు రైతుబజారులో వంకాయల గుట్ట ముందు నిలబడి, ఒక్క చిల్లి కనిపిస్తే చాలు పక్కకు విసిరేస్తున్నారు. ఆ నిగనిగలాడే కాయ వెనక ఎన్నిసార్లు మందు పడిందో అడగరు. చిల్లి లేని వంకాయ కావాలని మనం పట్టుబట్టాం గనుక రైతు చేతికి పంపు వచ్చింది. ఈ పాపంలో కొనేవాడి వాటా తక్కువేం కాదు.

మునగకు కంబళిపురుగు పట్టిందంటే ఆ వీధంతా దురద. పగలు మాను మీద జానెడు మేర గుంపుగా అతుక్కుని, రాత్రికి ఎక్కి ఆకు తినేవి. నాన్నగారు ఎండు కొబ్బరి మట్టతో కాగడా కట్టి ఆ గుంపు మీద ఒక్కసారి తిప్పేవారు. అంతటితో సరి. చెట్టు మీద ఇంకెక్కడా మంట తగలనిచ్చేవారు కాదు. చంపవలసిన దాన్ని చంపడానికి మావాళ్లు వెనుకాడలేదు. ఏది ఎక్కడ ఉంటుందో తెలుసు గనుక అక్కడే కొట్టారు, పక్కవాటిని బతకనిచ్చారు.

తెలియనివీ ఉండేవి, కాదనను. వాకిలి మూల కందిరీగ మట్టిగూడు కడితే, అందులో అది ఆకుపురుగును పెట్టి, చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తే ఆ పురుగు కందిరీగగా మారుతుందని పెద్దలు చెప్పేవారు. భ్రమరకీటక న్యాయం అని వేదాంతంలో దానికి పెద్ద పేరు. పడిపోయిన గూడొకటి విప్పి నేను చూశాను. అందులో కదలలేని ఆకుపురుగులు, వాటిని తింటూ కందిరీగ పిల్ల. తల్లి పిల్లకు కట్టిన సద్దిమూట అది. కథ తప్పే అయినా ఆ కథ వల్ల గూడు పగలగొట్టడానికి ఎవరికీ చేయి రాలేదు. పెరట్లో ఆకుపురుగు తగ్గింది. ఆరుద్ర కార్తె తొలివానలకు ఎర్ర మఖమల్ ముక్కల్లా బయటికొచ్చే ఆరుద్ర పురుగును చంపితే వాన పోతుందనీ అంతే. ఎనిమిది కాళ్ల ఆ ప్రాణి నేలలో ఇతర పురుగుల గుడ్లనూ చెదలనూ తింటుంది. ఆ సంగతి తెలియకపోయినా పిల్లలం దాన్ని అరచేతిలో ఎక్కించుకుని చూసి, మళ్లీ గడ్డిలో దించేవాళ్లం.

ఇంత తెలిసినవాళ్లం ఎలా చెడిపోయాం? తప్పు మా తరం చేతుల మీదుగానే జరిగింది. అది దాచి పిల్లల్ని తిట్టడం ధర్మం కాదు.

1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డీడీటీ పురుగును చంపుతుందని కనిపెట్టాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇచ్చింది వైద్యశాస్త్రంలో. మలేరియా నుంచీ టైఫస్ నుంచీ ఎన్నో ప్రాణాలు దక్కాయి, అది నిజమే. మా చిన్నప్పుడు మలేరియా వాళ్లు వచ్చి ఇంటి గోడలకు కొడితే మేమూ సంతోషించాం. కానీ గోడ మీద నుంచి అది చేలోకి నడిచింది. తర్వాత గమాక్సిన్, ఎండ్రిన్, ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్. వీటన్నిటికీ కలిపి తెలుగులో మనం ఒక పేరు పెట్టుకున్నాం, పురుగుమందు. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టే విషమూ మందే. విషాన్ని మందు అన్నాక దాన్ని చూసి భయపడేదెవరు? బాగా కాయాలంటే ఇంకో డోసు అనుకున్నాం. రైతు కష్టం వచ్చి ప్రాణం తీసుకున్నా "పురుగుమందు తాగి" అని పత్రికలో అచ్చేస్తాం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపేదాకా, 2011 దాకా, అది మన పొలాల్లో పారింది.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి సంగతి నాకు బాగా గుర్తు. మా బావగారిది అటువైపే. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లను కాయతొలుచు పురుగు మీద పదే పదే కొట్టారు. చేలో ఉన్న సాలీళ్లు, అక్షింతల పురుగులు, పరాన్నజీవి కందిరీగలు ఊడ్చుకుపోయాయి. అంతవరకు వాటి భయంతో అణగి ఉన్న తెల్లదోమ ఒక్కసారి లేచింది. ఆకు అడుగున పొడి చల్లినట్టు తెల్లగా దోమ, పైన నల్లగా మసి. పంట పోయింది, అప్పు మిగిలింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. శత్రువుతో పాటు కాపలావాణ్నీ చంపితే ఏమవుతుందో తెలుగునేల అప్పుడే చూసింది. చూసీ నేర్చుకోలేదు.

ఆ పాఠం చేలల్లోంచి ఇప్పుడు మేడల మీదికెక్కింది. మా కోడలికి మొక్కలంటే ప్రాణం. మేడ మీద ముప్పై కుండీలు పెంచుతోంది. ఒకరోజు "మామయ్యగారూ, మందారకు పిండినల్లి బాగా ఎక్కువైంది, పెద్ద పెద్దవి కూడా వచ్చాయి" అని గుడ్డ, సబ్బునీళ్లు తీసుకుని బయల్దేరింది. వెళ్లి చూశాను. చివుళ్లలో దూదిపింజల్లా పిండినల్లి నిజంగానే ఉంది. ఆ పెద్దవి మాత్రం వేరు. పిండినల్లి కంటే రెండు మూడింతలు పొడవు, ఒంటి నిండా మైనపు పోగులు వేలాడుతున్నాయి. ఈనెపుల్లతో ఒకదాన్ని కదిపాను. పిండినల్లి అయితే బద్ధకంగా అక్కడే ఉంటుంది. ఇది చురుగ్గా పుల్ల దాటి పరిగెత్తింది. అది క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినడానికి పిండినల్లి వేషం వేసుకుని వచ్చింది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన జాతి అది. "అమ్మా, వీటిని తుడవకు, ఒక పది రోజులు ఓపిక పట్టు" అన్నాను. పట్టింది. పదిహేను రోజులకు మందార చివురు శుభ్రంగా బయటికొచ్చింది. ఆ గుడ్డ ముందే తిరిగి ఉంటే తినేవి పోయి, చివుళ్ల మడతల్లో దాక్కున్న నల్లి మిగిలేది. ఆపైన నర్సరీ నుంచి సీసా వచ్చేది. సీసా అమ్మేవాడు ఏ పురుగని అడగడు, ఎన్ని కుండీలని అడుగుతాడు.

అదే మేడ మీద సొర పాదు ఉంది. పువ్వులు పూస్తున్నాయి, పిందె నిలవడం లేదని బాధ. సొర, బీర పువ్వులు పొద్దువాలాక విచ్చుకుంటాయి. చీకట్లో వచ్చే రెక్కల పురుగులు పుప్పొడి మోయాలి. మేడ చుట్టూ రాత్రంతా దీపాలు, కింద దోమల పొగ, ఇక అవి ఎక్కడి నుంచి రావాలి? ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి మా కోడలు చిన్న కుంచె పట్టుకుని మగపువ్వు నుంచి ఆడపువ్వుకు పుప్పొడి అద్దుతోంది. మా మామ్మ జన్మలో ఆ పని చేయలేదు. అది వేరేవాళ్ల కొలువు, వాళ్లు వచ్చి చేసి వెళ్లేవారు.

ఈ కాలంలో మంచే లేదని అనను. చూసే కళ్లున్న చోట ఈ కాలమే మా కాలాన్ని మించింది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి దిగి, బొప్పాయినీ మల్బరీనీ తెల్లగా కప్పేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి గసగసాల గింజంతైనా లేని కందిరీగలను శాస్త్రవేత్తలు తెచ్చి వదిలారు. నెలల్లో ఆ నల్లి తగ్గుముఖం పట్టింది. 2016లో మన దేశపు కొబ్బరి తోటల్లో సర్పిలాకార తెల్లదోమ కనిపించి, ఆ తర్వాత మా కోనసీమకూ వచ్చింది. ఆకు అడుగున ముగ్గులా గుండ్రటి చుట్టలు, కింది మొక్కల మీద జిగురు, ఆ జిగురు మీద మసి. జనం పవర్ స్ప్రేయర్లు వెతుక్కున్నారు. విషం కొట్టొద్దు, ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి దాని వెనకే వస్తుంది, దాన్ని బతకనివ్వండి అని శాస్త్రవేత్తలు చెప్పారు. మా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఇలాంటి మిత్రజీవులను పెంచి రైతుకిస్తారు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరు 2003 ప్రాంతంలో పురుగుమందు మానేసి, వేపగింజల కషాయంతో, పచ్చిమిర్చి వెల్లుల్లి రసంతో పత్తి పండించి చూపించింది. వీళ్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను. వీళ్లు మా మామ్మ చేసిన పనే చేస్తున్నారు. మామ్మకు లేని భూతద్దం వీళ్ల చేతిలో ఉంది.

నా గొడవ మిగిలినవాళ్లతో. కొని తెచ్చిన ఎర్రలను ఎండలో పెట్టి చంపి, "వర్మీ కంపోస్టు మాకు పడలేదు" అనేవాళ్లతో. ఎరువు డ్రమ్ములో ఏ పురుగు కనిపించినా ముక్కు మూసుకునేవాళ్లతో. ఎరువులో పురుగు మనకు కబురు చెప్తుంది, వినాలి. చీమలు పుట్ట పెట్టాయంటే కుప్ప మరీ పొడిగా ఉందని, నాలుగు చెంబుల నీళ్లు చల్లమని. ఈగ పురుగులు లుకలుకలాడితే తడి ఎక్కువైందని, ఎండుటాకు వేసి కప్పమని. రోకలిబండలు చేరితే ఆకు చక్కగా చివుకుతోందని. ఎర్రలు వాటంతటవే వచ్చాయంటే వేడి తగ్గి ఎరువు చల్లబడిందని. దగ్గర్లో కొబ్బరి చెట్లుంటే పక్కకు పొర్లే తెల్లపురుగు కోసం నాలుగు నెలలకోసారి తిరగేయమని. ఇందులో సీసాతో అయ్యే పని ఒక్కటీ లేదు.

డ్రమ్ములు బయట పారేసిన రోజున వాటిలో రెండు నేనే కడిగించి మేడ మీదికి ఎక్కించుకున్నాను. మళ్లీ ఎండుటాకులు, మళ్లీ తొక్కలు. మొన్న వైశాఖంలో బొద్దింకల కోసమని ఆ మందు కొట్టే కుర్రాడే మళ్లీ వచ్చాడు. కిందింటి పని అయ్యాక మంచినీళ్ల కోసం మేడెక్కాడు. నేను డ్రమ్ము తిరగేస్తున్నాను. కాగితం మీద రెండు తెల్లపురుగులు తీసి పెట్టి ఉన్నాయి.

నీళ్లు తాగుతూ వంగి చూశాడు. "ఇదేటి పురుగు తాతగారూ? మా ఊర్లో కొబ్బరి చెట్లు తినీసింది ఇదేనండి" అన్నాడు.

ఏ ఊరని అడిగాను. ఉద్దానం అన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వాళ్ల చెట్లన్నీ పడిపోయాయట. పడ్డ మానులు తీయించే స్తోమత లేక అక్కడే కుళ్లిపోయాయట. వాటిలో ఇవి పుట్టి, నిలబడ్డ నాలుగు చెట్ల మొవ్వులూ తినేశాయట. ఆ తర్వాతే వాడు హైదరాబాదు బస్సెక్కాడు.

ఆ నలభై ఇళ్లలో ఇది ఏం పురుగని అడిగిన మొదటి మనిషి వాడే. వాణ్ని కూర్చోబెట్టి, పంపు పక్కన పెట్టించి, కాగితం వాడి ముందుకు జరిపాను. "చెయ్యి పెట్టకుండా కాసేపు చూడు" అన్నాను. చూశాడు. పురుగులు రెండూ వెల్లకిలా తిరిగాయి, వీపుల మీద పాకుతూ కాగితం అంచు దాకా పోయాయి. "మీ చెట్లు తిన్నది పక్కకు పొర్లుతుంది. ఇది వేరు, ఇది మనది" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం జాగ్రత్తగా ఎత్తి, రెండు పురుగుల్నీ డ్రమ్ములోకి వదిలి, నేను చెప్పకుండానే పైన గుప్పెడు ఎండుటాకులు కప్పాడు.